బాతుగుడ్డుకు నీళ్ల లెక్క

గుడ్లు పెట్టడంలో బాతుకు పేరు పెట్టలేం. పొదగడం దగ్గరికొచ్చేసరికి మాత్రం తనకేమీ సంబంధం లేనట్టే ఉంటుంది. ఖాకీ క్యాంప్‌బెల్, ఇండియన్ రన్నర్ లాంటి గుడ్ల జాతులు మరీను. తెల్లవారుజామున ఏ బురదలోనో ఒక గుడ్డు జారవిడిచి, వెనక్కి తిరిగి చూడకుండా చెరువుకేసి నడుస్తాయి. తప్పు వాటిది కాదు లెండి. పొదుగుకు కూర్చుంటే గుడ్లు ఆగిపోతాయని, కూర్చోని వాటినే మనిషి తరతరాలుగా ఏరుకుంటూ వచ్చాడు. పొదిగే పని ఇప్పుడు తన నెత్తిన పడేసరికి థర్మోకోల్ పెట్టె, బల్బు, చిన్న ఫ్యాను సమకూర్చుకుని బాతుకు బదులు తనే కాపలా కూర్చున్నాడు.

ఇళ్లలో వాడే ఇంక్యుబేటర్లు చాలావరకు కోడిగుడ్డు కొలతకు చేసినవే. గుడ్లను తిప్పే ట్రే గుంటల్లో బాతుగుడ్డు సరిగ్గా దిగదు. చేత్తో తిప్పుదామంటే గుడ్డుకు ఒక పక్క ఇంటూ, రెండో పక్క సున్నా పెన్సిల్‌తో గీసుకుని రోజుకు మూడుసార్లో అయిదుసార్లో తిప్పాలి. బేసి లెక్క ఎందుకంటే, రాత్రంతా ఒకే పక్క మీద ఉండిపోయే గుడ్డుకు మర్నాటి రాత్రి రెండో పక్క రావాలి. పొదగడానికి కోడిగుడ్డుకు 21 రోజులైతే దీనికి 28. మస్కోవీ బాతుకైతే 35.

ఫ్యానున్న పెట్టెలో వేడి 37.5 డిగ్రీలుండాలి. కరెంటు కాసేపు పోతే అందరూ కంగారుపడతారు గానీ, చల్లబడిన గుడ్డు కొంత ఆలస్యంగానైనా పిల్లవుతుంది. ప్రాణం తీసేది ఎక్కువ వేడి. అనంతపురం ఎండాకాలంలో గది 41, 42కి చేరిందంటే పెట్టెలో బల్బు ఆరిపోయినా ఉపయోగం లేదు, ఈ యంత్రానికి వేడి పెంచడమే తెలుసు, తగ్గించడం రాదు. ఇంకో చిక్కుంది. సుమారు 20 డిగ్రీలు దాటితే గుడ్డులో పెరుగుదల ఎంతో కొంత మొదలవుతుంది. మన వేసవిలో వారం రోజులు బుట్టలో దాచిన గుడ్డు పెట్టెలోకి వెళ్లేలోపే బలం కోల్పోతుంది.

అసలు బాధంతా నీటితో. గుడ్డు లోపలి తేమ పెంకు రంధ్రాల గుండా కొద్దికొద్దిగా బయటికి పోవాలి. అలా పోయినంత మేరా లావు కొసన గాలి గది పెరుగుతుంది. పిల్ల తొలి ఊపిరి ఆ గదిలోనే తీసుకుంటుంది. పొదుగు ముగిసేలోపు గుడ్డు బరువు వందకు పన్నెండు, పద్నాలుగు పాళ్లు తగ్గాలి. 75 గ్రాముల గుడ్డయితే దాదాపు 10 గ్రాములు. తక్కువ తగ్గితే పిల్ల ఒళ్లు నీరుపట్టి లోపలే ఇరుక్కుంటుంది, మరీ తగ్గితే పొర అంటుకుపోయి కదలలేదు. ‘తేమ 55 శాతం’ అని పుస్తకం ఒక్క మాటలో తేల్చేస్తుంది. ఆ తేమ కోసం పెట్టెలోని గిన్నెలో శ్రావణంలో కాకినాడలో పోయాల్సిన నీళ్లకూ, వైశాఖంలో అనంతపురంలో పోయాల్సిన నీళ్లకూ పొంతనే ఉండదు. అందుకే నేను తేమ మీటరు కన్నా తూకాన్నే నమ్ముతాను. చవక మీటర్లు రెండు పక్కపక్కన పెడితే రెండూ రెండు మాటలు చెబుతాయి.

వారం తర్వాత చీకటి గదిలో సెల్‌ఫోన్ టార్చి మీద గుడ్డు పెట్టి చూడండి. మధ్యలో నల్లటి చుక్క, దాని చుట్టూ సాలెపురుగు కాళ్లలా ఎర్రటి నరాలు కనిపిస్తాయి. ఏమీ లేకుండా వెలుగు నిండిపోతే అది ఒట్టి గుడ్డు. వాసన వచ్చేదాన్ని ఆ క్షణమే తీసేయాలి, లేకపోతే మురిగి, పగిలి మిగతావాటినీ పాడుచేస్తుంది. బురద అంటింది కదా అని గుడ్లను చన్నీళ్లతో కడిగేవాళ్లున్నారు. అప్పుడు లోపలి పదార్థం ముడుచుకుని, రంధ్రాల్లోంచి ఆ మురికినీ క్రిములనూ లోపలికి పీల్చుకుంటుంది. బురదలో పెట్టిన గుడ్డును వంటకు వాడుకుని, శుభ్రమైనవే పొదుగుకు పెట్టడం మేలు.

ఇరవై అయిదో రోజు నుంచి తిప్పడం మానేసి, తేమను 70 దాటించాలి. పిల్ల పెంకుకు బెజ్జం పెట్టాక బయటపడటానికి ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. కోడిపిల్లలను చూసినవాళ్లకు ఇక్కడే ఓపిక చచ్చిపోతుంది. ఊరికే పడుకున్నట్టు కనిపిస్తుంది గానీ, ఆ గంటల్లో పొర నరాల్లోని నెత్తురు పిల్ల ఒంట్లోకి చేరుతుంది, మిగిలిన పచ్చసొన పొట్టలోకి వెళుతుంది. తొందరపడి పెంకు ఒలిస్తే నెత్తురు కారుతుంది. ఒలవకుండా పెట్టె మూత తీసి చూసినా చేటే. ఆవిరంతా ఒక్కసారిగా పోయి, తడిపొర తెల్లబారి, గట్టిపడి పిల్లను బిగించేస్తుంది. బయటికొచ్చిన పిల్ల కూడా పొట్టలోని సొనతో ఒక రోజు గడిపేయగలదు కాబట్టి దానికోసమూ తొందర అక్కర్లేదు.

ఊళ్లో పొదుగుమీదున్న నాటుకోడి దొరికితే గుడ్లు దాని కిందే పెట్టండి. దొరక్కపోతే ఇంక్యుబేటర్ కొనేముందు గ్రాములు చూపించే వంటింటి తూకం ఒకటి కొనుక్కోండి. వారానికోసారి తూచి రాసుకోండి. బరువు తగ్గడం లేదంటే నీళ్ల గిన్నె బయటికి తీయండి, మరీ తగ్గుతుంటే ఇంకో గిన్నె పెట్టండి.