డన్‌గివెన్ గళ్ళు

2023 వేసవిలో మేము ఉత్తర ఐర్లండులోని డన్‌గివెన్ పట్టణానికి వెళ్ళినది విహారానికి కాదు. మా అమ్మాయి పెండ్లి విందుకు. వరునిది ఆ ఊరే. హైదరాబాదులో మన పద్ధతిన వివాహం జరిగిన పిమ్మట అక్కడ వారి పద్ధతిన విందు ఏర్పాటైనది. ఇరువైపుల తండ్రులూ కిల్టు ధరించవలెనని వియ్యంకుని కోరిక. "గళ్ళ లుంగీ మీకు అలవాటేగా!" అని మా శ్రీమతి నవ్వినది.

ఏ గుడ్డ అన్నదే చిక్కు. వారింట పెద్దలది ఒక మాట, కుర్రవాళ్ళది ఒక మాట. వియ్యంకుడు హైదరాబాదులో నేర్చుకొన్న "బావగారూ" పిలుపుతో ఆ తీర్పు మాపై పెట్టినాడు. ఎవరిని నొప్పించినా ఇబ్బందియే.

బెల్ఫాస్టు దుకాణంలో మొదట కౌంటీ టార్టాన్ చూపినారు. పెద్దల కోరిక అది. ఐర్లండులోని కౌంటీలకు వేర్వేరు గళ్ళు ఉన్నవి. ప్రాచీనములని భ్రమించితిమి గాని, స్కాట్లండులోని ఒక వస్త్ర సంస్థ వాటిని 1996లో రూపొందించినదట! (స్కాట్లండులో సైతం వంశానికొక టార్టాన్ అన్న ఆచారం 1822లో నాల్గవ జార్జి ఎడిన్‌బరో వెళ్ళిన తరువాత బలపడినదే.) కుర్రవాళ్ళు కోరినది గళ్ళు లేని కుంకుమపువ్వు వన్నె. ఐర్లండు సైన్యపు బ్యాగ్‌పైపు వాద్యకారులు ధరించేది అదే. పూర్వం ఐరిష్ వారు ఆ వన్నె చొక్కాలు తొడుగగా, 16వ శతాబ్దంలో ఎనిమిదవ హెన్రీ ప్రభుత్వం నిషేధించినది.

మూడవది అల్‌స్టర్ టార్టాన్. దాని కథ మమ్ములను కట్టివేసినది. 1956లో డన్‌గివెన్ సమీపాన ఒక రైతు నేల తవ్వుచుండగా పాత ఊలు బట్టలు బయటపడినవి: కోటు, పైవస్త్రం, బిగుతైన గళ్ళ లాగు. 17వ శతాబ్దపు పూర్వార్ధం నాటివని నిపుణుల అంచనా; బెల్ఫాస్టులోని అల్‌స్టర్ మ్యూజియం వారు భద్రపరచినారు. దొరికినది లాగే గాని కిల్టు కాదు సుమా! అయినను వారి ఊరి మట్టియే ఇచ్చిన సాక్ష్యం కదా. ఇంజనీరు బుద్ధికి అంతకు మించిన ఆధారమేల? వరుని నాయనమ్మకు ఆనాటి సందడి జ్ఞాపకమున్నది. ఆమె తల ఊపుటతో తగవు తీరినది.

అనుకొన్నాము! ఆ గళ్ళు రెండు వన్నెలలో నేస్తారు. మట్టిలో నాని మారిన గోధుమ వన్నె ఒకటి. మొదట ఇట్లుండెనని ఊహించి దిద్దిన ఎరుపు వేరొకటి. కంటికి కనబడినదే సత్యమని మేము గోధుమ వన్నె పట్టుకొంటిమి. "శుభకార్యానికి మట్టి రంగా? ఎవరో పాతిపెట్టిన బట్ట రంగు కట్టుకొని బిడ్డను దీవిస్తారా?" అని శ్రీమతి కంట నీరు పెట్టుకొన్నది. మా తర్కమంతా అక్కడ ఆగిపోయినది.

చివరకు వియ్యంకుడు గోధుమ, మేము ఎరుపు. గళ్ళ అమరిక ఒకటే. ఒంటిపన్నా గుడ్డ ఎనిమిది గజాలు, వెనుక అంతా కుచ్చిళ్ళు. నా చీర ఆరు గజాలేనని శ్రీమతి విందులో అందరికీ చెప్పినది.