దాచుకున్న పేజీకి గడువెంత?

వంటింటి బాధ్యత చూసుకునే ఏ ఇల్లాలికైనా ఒక లెక్క నోటికి వచ్చి ఉంటుంది. కాచిన పాలు ఇవాళ్టికి. దోసెల పిండి రెండు మూడు రోజులకు. కందిపొడి నెలకు. ఆవకాయ జాడీ మళ్లీ మామిడికాయలు వచ్చేదాకా. అన్నింటికీ ఒకటే గడువు పెట్టుకుంటే పాలన్నా విరుగుతాయి, ఏడాది పచ్చడిని మర్నాడే పారబోయాలన్నా పారబోయాలి. ఈ సంగతి ఆమెకు ఎవరూ నేర్పక్కర్లేదు.

వెబ్‌సైట్లు నడిపేవాళ్లకూ ఇలాంటి లెక్కే ఒకటి ఉంది. కాకపోతే అక్కడ గడువు దాటినది వాసన వేయదు, బూజు పట్టదు. కొత్తదానిలాగే నిగనిగలాడుతూ కనిపిస్తుంది. చిక్కంతా అక్కడే!

ఎవరైనా ఒక వెబ్‌సైట్ తెరిస్తే ఎక్కడో దూరాన ఉన్న సర్వర్ నుంచి ఆ పేజీ, దానిలోని ఫొటోలు, రంగులూ అక్షరాల తీరూ చెప్పే ఫైళ్లు వరుసగా దిగుతాయి. రేపు మళ్లీ అదే సైట్ తెరిస్తే అవన్నీ మళ్లీ మొదటినుంచీ తెచ్చుకోవడం దండగ కదా! అందుకని బ్రౌజర్ వాటి నకళ్లను ఆ కంప్యూటర్‌లోనే దాచుకుంటుంది. దీన్నే క్యాష్ అంటారు. వినడానికి డబ్బులాగే ఉన్నా ఇది వేరే మాట. ‘దాచడం’ అనే అర్థమున్న ఫ్రెంచి పదం నుంచి వచ్చింది. 1968లో ఐబీఎం వారి 360/85 అనే పెద్ద కంప్యూటర్‌లోని వేగవంతమైన చిన్న మెమరీకి ఈ పేరు పెట్టారు. తర్వాత్తర్వాత బ్రౌజర్ల దాకా పాకింది.

మరి దాచుకున్న నకలును ఎన్నాళ్లు నమ్మొచ్చు? అది చెప్పాల్సింది సర్వరే. ఫైలుతోపాటు చీటీలాంటిది ఒకటి పంపుతుంది. 1996లో వచ్చిన హెచ్‌టీటీపీ 1.0 పత్రంలోనే ‘ఎక్స్‌పైర్స్’ అనే చీటీ ఉంది. ఫలానా తేదీ, ఫలానా గంట వరకు చెల్లుతుందని దాని అర్థం. కంప్యూటర్‌లో గడియారం తప్పుగా ఉంటే ఆ తేదీకి విలువేముంటుంది? అందుకే 1997 జనవరిలో వచ్చిన 1.1 పత్రం ‘క్యాష్-కంట్రోల్’ అనే చీటీని తెచ్చింది. అందులో తేదీ బదులు సెకన్లు రాయొచ్చు. రోజుకు 86,400. ఏడాదికి 3,15,36,000.

అపాచీ సర్వర్‌లో ఇదంతా ఒక్క వాక్యంతో పని. ‘చూసినప్పటి నుంచి నెల రోజులు’ అని సైట్ మొత్తానికీ కలిపి ఒకే వరస రాసేయొచ్చు. ఎంత సులువో! ఆ సులువే ఒక ఇంటి మీద ఎలా పడిందో చూడండి.

అది 2008 జూన్. కోస్తాలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ. అడ్మిషన్ల కౌన్సెలింగ్ 24న అని వెబ్‌సైట్‌లో పెట్టారు. పల్లెటూరి అమ్మాయి ఒకతె 12వ తేదీన మండల కేంద్రంలోని నెట్ సెంటర్‌కు వెళ్లి ఆ తేదీ రాసుకుంది. 16న కాలేజీవాళ్లు కౌన్సెలింగ్‌ను 21కి ముందుకు జరిపి, వెబ్‌సైట్‌లోనూ మార్చారు. ఎందుకైనా మంచిదని ఆ అమ్మాయి 20న మళ్లీ అదే నెట్ సెంటర్‌కు వెళ్లి, అదే కంప్యూటర్ ముందు కూర్చుని చూసుకుంది. 24 అనే ఉంది. నిశ్చింతగా ఇంటికెళ్లింది.

24న తండ్రీ కూతుళ్లు తెల్లవారుజామున బస్సెక్కి కాలేజీకి చేరారు. ఆఫీసులో గుమస్తా తల కూడా ఎత్తకుండా, ‘‘శనివారమే అయిపోయింది కదండీ’’ అన్నాడు. ‘‘కంప్యూటర్లో ఇరవై నాలుగనే ఉంది సార్, మా అమ్మాయి రెండుసార్లు చూసింది’’ అన్నాడు తండ్రి. గుమస్తా తన మానిటర్‌ను ఇటు తిప్పాడు. 21 అని స్పష్టంగా ఉంది. ‘‘సరిగ్గా చూసుకోవాలి కదమ్మా’’ అన్నాడు. తండ్రి కూతురి వంక చూశాడు. ‘‘నిజం నాన్నా, 24 అనే ఉంది’’ అందా పిల్ల, ఏడుపు ఆపుకొంటూ.

గుమస్తా చెప్పింది నిజం. అమ్మాయి చెప్పిందీ నిజమే. కానీ ఆ గదిలో ఆ క్షణాన అబద్ధం ఆమెదే అనిపించింది.

అటుగా వచ్చిన కంప్యూటర్ సైన్స్ లెక్చరర్ ఆ మాటలు విన్నారు. కొత్తగా చేరినావిడ. ‘‘రెండుసార్లూ ఒకే కంప్యూటర్లో చూశావా అమ్మా?’’ అని అడిగారు. అవునంది. ఆవిడ వాళ్లిద్దర్నీ ల్యాబ్‌కు తీసుకెళ్లి వరుసగా నాలుగు కంప్యూటర్లలో కాలేజీ సైట్ తెరిచారు. రెండింటిలో 21. రెండింటిలో 24! ఒకే గది, ఒకే వెబ్‌సైట్, రెండు తేదీలు. 24 చూపిస్తున్న కంప్యూటర్‌లో ఎఫ్5 మీట నొక్కారు. తేదీ 21కి మారింది.

సర్వర్‌లో వెతికితే ఆ ఒక్క వాక్యం దొరికింది. అంతకుముందు ఏడాది సైట్ తయారుచేసిన అతను అన్నింటికీ నెల గడువు పెట్టాడు. అతని ఉద్దేశం మంచిదే. కాలేజీ భవనం ఫొటోలు, వార్షికోత్సవం ఫొటోలు బోలెడున్నాయి. పల్లెల్లో నెట్ నత్తనడక. ఒకసారి దిగినవి మళ్లీ దిగాల్సిన పని లేకపోతే చూసేవాళ్లకు సమయమూ, నెట్ సెంటర్‌కిచ్చే డబ్బూ మిగులుతాయి. యాహూలో పనిచేసిన స్టీవ్ సౌడర్స్ వెబ్‌సైట్ల వేగంపై 2007లో రాసిన పుస్తకంలో గడువు చీటీ తగిలించమన్నది మూడో సూత్రం. ఆ సలహాలో తప్పేమీ లేదు. ఫొటోలకు సరిపోయిన గడువు నోటీసు పేజీకి కూడా అంటుకోవడంతోనే వచ్చింది తంటా.

ఆ అమ్మాయికి రెండో విడతలో సీటొచ్చింది. కానీ కోరుకున్న కంప్యూటర్ సైన్స్ గ్రూపు అప్పటికే నిండిపోయింది.

లెక్చరర్ ఆ వారమే సర్వర్‌లోని వాక్యాన్ని మూడు ముక్కలు చేశారు. నోటీసు పేజీలకు ‘నో-క్యాష్’ పెట్టారు. పేరు చూసి దాచుకోవద్దనేమో అనుకుంటారు చాలామంది. కాదు. దాచుకో, కానీ చూపించే ముందు ప్రతిసారీ నన్నడుగు అని దాని అర్థం. అసలు దాచుకోనే వద్దు అనడానికి ‘నో-స్టోర్’ అని వేరే మాట ఉంది. బ్యాంకు ఖాతా వివరాల్లాంటి వాటికి అది తగినది. అడిగితే నెట్ భారం పెరగదా అంటే, పెద్దగా పెరగదు. ‘నా దగ్గరున్నది ఫలానా నాటిది, ఏమైనా మారిందా?’ అని బ్రౌజర్ అడుగుతుంది. మారకపోతే సర్వర్ 304 అనే అంకెతో ‘ఏం మారలేదు, ఉన్నదే వాడుకో’ అంటుంది. పేజీ మొత్తం మళ్లీ పంపే పని లేదు.

ఫొటోలకు నెల గడువు అలాగే ఉంచారు. రంగులూ అక్షరాల తీరూ చెప్పే ఫైళ్లకు మాత్రం ఒక ఉపాయం చేశారు. ఏడాది గడువిచ్చి, మార్చినప్పుడల్లా ఫైలు పేరులోని అంకె మార్చడం. పేరు మారితే బ్రౌజర్ దాన్ని కొత్త ఫైలుగా చూసి తెచ్చుకుంటుంది. పాతది దాని మానాన అది పడి ఉంటుంది. ఈనాటికీ పెద్ద పెద్ద సైట్లు చేస్తున్నది ఇదే.

పోనీ, ఏ గడువూ చెప్పకుండా ఊరుకుంటే? అదీ క్షేమం కాదు. సర్వర్ నోరు విప్పకపోతే బ్రౌజర్ తనకు తానే ఊహించుకోవచ్చు. పేజీ చివరిసారి మారి ఎంతకాలమైందో చూసి, అందులో పదో వంతు నమ్మడం మామూలు పద్ధతి. అంటే వంద రోజులుగా మారని పేజీని ఇంకో పది రోజులు అడక్కుండానే చూపించొచ్చు. మారదనుకున్న పేజీ సరిగ్గా ఆ పది రోజుల్లోనే మారితే...?

క్యాష్ నియమాలను 2022 జూన్‌లో మరోసారి తిరగరాసి, ఆర్‌ఎఫ్‌సీ 9111 పేరుతో వెలువరించారు. అన్నేళ్ల అనుభవం తర్వాత కూడా ఒక్కటి మారలేదు. ఒకసారి గడువిచ్చి పంపేసిన నకలును, బ్రౌజర్ తనంతట తాను వచ్చి అడగనిదే, సర్వర్ వెనక్కి పిలవలేదు. ఎవరెవరి కంప్యూటర్లలో, ఎవరెవరి ఫోన్లలో అది కూర్చుందో దానికి తెలియదు. సర్వర్‌లో అక్షరం దిద్దితే సరిపోయిందనుకునే ఆఫీసువాళ్లకు కనిపించేది ఎప్పుడూ కొత్త పేజీయే. పాతది చూస్తున్నవాళ్లు గుమ్మంలోకి వచ్చి నిలబడేదాకా సంగతి బయటపడదు.

గడువు అంకె రాయడమంటే ఊరూపేరూ తెలియని వేలమందికి ముందుగానే మాటివ్వడం. ‘ఇన్నాళ్లపాటు ఇది మారదు, నన్ను అడక్కుండానే నమ్మండి’ అని. కాబట్టి ఆ అంకె రాసే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే. ఇది రేపే మారితే, నిన్న చూసినవాళ్లకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది? జవాబుంటే ఏడాదైనా ఇవ్వొచ్చు. లేకపోతే ఆ అంకె సున్నా దగ్గరే ఆగాలి.