ఇరుకులో దూరే రంపం

రెసిప్రొకేటింగ్ సా అంటే చేతిరంపానికి మోటారు తగిలించినట్టే. గ్రైండరులోలాగా గిర్రున తిరిగే బిళ్ల ఇందులో ఉండదు. మిషన్ ముక్కుకు బిగించిన జానెడు బ్లేడు ముందుకూ వెనక్కీ ఆడుతూ కోస్తుంది. ఆ ఆట నిమిషానికి రెండున్నర వేల నుంచి మూడు వేల సార్లు దాకా ఉంటుంది. అమెరికాలో మిల్వాకీ కంపెనీ 1951లో ‘సాజాల్’ పేరుతో దీన్ని బజారులోకి తెచ్చింది. ఏ కంపెనీ మిషన్ పట్టుకున్నా దాన్ని సాజాల్ అనడం అక్కడి పనివాళ్లకు అలవాటైపోయింది.

తెలుగునాట ఇళ్లు కట్టేచోటా, కార్ల షెడ్లలోనూ కోత అనగానే చెయ్యి గ్రైండరు మీదికి పోతుంది. చౌక, తేలిక, సాన కూడా పడుతుంది. అయితే నాలుగంగుళాల బిళ్ల అంగుళం లోతుకు దిగేసరికి మిషన్ మెడ అడ్డం వస్తుంది. పైగా నిప్పురవ్వలు వాన కురిసినట్టు పడతాయి. పెట్రోలు ట్యాంకు పక్కన, సీటు గుడ్డల పక్కన ఆ రవ్వలు ఎంత ప్రమాదమో మెకానిక్కులకు వేరే చెప్పనక్కర్లేదు. ఈ రంపం రవ్వలు దాదాపు రాల్చదు, బ్లేడు పట్టే సందు ఉంటే చాలు దూరుతుంది. అందుకే కొనబోయేవారు మోటారు ఎన్ని వాట్లని అడిగే ముందు, తమ పనిలో గ్రైండరు వెళ్లలేని చోట్లు ఏవేవో లెక్క వేసుకోవాలి.

ఇంటిపనిలో అలాంటి చోటు ఒకటి చెదపట్టిన పాత గుమ్మం. దాన్ని మార్చాలంటే మామూలుగా సుత్తీ శానం తీసుకుని గోడ పగలగొడతారు. గుమ్మాన్ని పట్టి ఉంచేవి అటు రెండు మూడు, ఇటు రెండు మూడు ఇనుప హోల్డ్‌ఫాస్టులు, అంతే. గుమ్మానికీ గోడకూ నడుమ ఉన్న సిమెంటు పూతను శానంతో గీరి సందు చేసుకుని, సన్నటి పొడుగు బ్లేడు నిలువునా దూరిస్తే ఆ పట్టీలు ఒక్కొక్కటే తెగుతాయి. గోడ నిలుస్తుంది, పక్కనున్న టైల్సు చెదరవు. గీరడానికి బద్ధకించి సిమెంటు మీదుగానే కోయబోతే మాత్రం బ్లేడు పళ్లు చూస్తుండగానే నున్నబడిపోతాయి. సెంట్రింగు చెక్కలు, పీవీసీ పైపులు, ఇంటి మీదికి వాలిన కొమ్మలు దీనికి చిన్న పనులు.

కారు కింద పని ఇంకో రకం. సైలెన్సరు పైపు జోడించిన చోట బోల్టులు తుప్పు పట్టి, స్పానరు జారి నట్టు మూలలు కొట్టుకుపోతాయి. అప్పుడు రెండు ఫ్లాంజిల మధ్య సందులోకి బ్లేడు పెట్టి, రెండు చుక్కల నూనె వేసి, ట్రిగ్గరును సగమే నొక్కి నెమ్మదిగా కోస్తే 10 మిల్లీమీటర్ల బోల్టు నిమ్మళంగా తెగుతుంది. తొందరపడి పూర్తి వేగంలో కోస్తే బ్లేడు కాలి నీలం తిరుగుతుంది, ఆ తర్వాత ఎంత నొక్కినా తెగదు. కాబట్టి ట్రిగ్గరు నొక్కినంత మేరకే వేగం మారే మిషన్ కానిదాన్ని కారు పనికి కొననే కూడదు.

స్ట్రోకు, అంటే బ్లేడు ఒక్కసారికి కదిలే దూరం, 19 నుంచి 32 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. పెద్ద స్ట్రోకులో ఒక్కో పన్ను ఎక్కువ దూరం సాగి పొట్టును బయటికి తోస్తుంది కనుక చెక్క చకచకా తెగుతుంది. ఇరుకులో అదే ఇబ్బంది. బ్లేడు పూర్తిగా వెనక్కి వచ్చినప్పుడు కూడా దాని కొస కోసే వస్తువు అవతలే ఉండాలి. లేకపోతే ముందుకు వచ్చేటప్పుడు కొస పొడుచుకుని మిషన్ ఎగిరిపడుతుంది, బ్లేడు వంగుతుంది. అలాగని అవతలికి మరీ పొడుచుకువచ్చినా ముప్పే. ఆ వెనకే బ్రేకు పైపో, పెట్రోలు పైపో, వైర్ల కట్టో ఉండొచ్చు. ఇంటి పనికీ కారు పనికీ ఒకే మిషన్ కావాలంటే 28 మిల్లీమీటర్ల దగ్గరి స్ట్రోకు రెండింటికీ సరిపోతుంది.

కొన్నింటిలో బ్లేడు ముందుకూ వెనక్కీ ఆడుతూనే పైకీ కిందికీ కొద్దిగా ఊగుతుంది. దాన్ని ఆర్బిటల్ అంటారు. చెక్కకు అది వరం, ఇనుముకు శత్రువు. ఉంటే మంచిదే, ఆపే మీట కూడా ఉండాలి. బ్లేడు మార్చడానికి ఎలెన్ కీ వెతుక్కోనక్కర్లేని క్లాంపు, బ్లేడును తిరగేసి పళ్లు పైకి బిగించే వీలు కారు కింద పడుకున్నవారికి తెలిసొచ్చే సుఖాలు. ముక్కు దగ్గరుండే ఇనుప షూను కోసే వస్తువుకు గట్టిగా ఆనించాలి. ఆనించకపోతే బ్లేడుకు బదులు వస్తువూ మనిషీ ఊగుతారు.

నిజానికి కోసేది బ్లేడు, మిషన్ దాన్ని ఆడిస్తుందంతే. అంగుళానికి ఎన్ని పళ్లో బ్లేడు మీదే అచ్చువేసి ఉంటుంది. చెక్కకు 6, మేకులున్న చెక్కకు 8 నుంచి 10, బోల్టులకూ దళసరి ఇనుముకూ 14 నుంచి 18, పల్చటి రేకుకు 24. కోతలో ఎప్పుడూ కనీసం మూడు పళ్లు ఆని ఉండాలి. రేకు మరీ పల్చనైతే బ్లేడును ఏటవాలుగా పట్టాలి. స్ప్రింగు స్టీలు ఒంటికి హైస్పీడు స్టీలు పళ్లు అతికిన బైమెటల్ బ్లేడు చాలా పనులకు చాలు. కొత్త కార్ల మధ్య స్తంభంలో వాడే బోరాన్ స్టీలు మీద అది జారిపోతుంది, అక్కడ కార్బైడు పళ్లు కావాలి. ఆ స్తంభాల్లో ఎయిర్‌బ్యాగు గ్యాసు గొట్టాలు ఉండొచ్చు. అవి ఎక్కడున్నాయో తెలియకుండా బ్లేడు పెట్టకూడదు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్లలో నారింజ రంగు కేబుళ్ల జోలికి అసలే పోకూడదు. ఏ కారైనా ముందు బ్యాటరీ మైనస్ వైరు ఊడదీయాలి.

కరెంటు వైరు ఉన్నవాటిలో 1000 నుంచి 1200 వాట్లది ఇంటిపనికి నిబ్బరంగా నిలుస్తుంది. కారు కింద వైరు లేనిదే హాయి. బ్యాటరీ మీద 18 వోల్టులని ఒకరు, 20 వోల్టులని ఇంకొకరు రాస్తారు. లోపల ఉండేవి అవే ఐదు సెల్‌ల వరసలు, ఫుల్ ఛార్జిలో కొలిస్తే 20, మామూలుగా కొలిస్తే 18. అమెరికా నుంచి అన్నయ్యో బావగారో తెచ్చే వైరు మిషన్ 120 వోల్టులది. దాన్ని ఇక్కడి 230 వోల్టుల ప్లగ్గులో పెడితే మోటారు కాలిపోతుంది. ఛార్జరు సంగతీ చూసుకోవాలి.

దుకాణంలో చాలామంది అడగని అంకె ఒకటుంది, అదే వైబ్రేషన్. మిషన్‌తో వచ్చే పుస్తకంలో సెకనుకు సెకనుకు ఇన్ని మీటర్లని రాసి ఉంటుంది. ఐరోపా చట్టం ఎనిమిది గంటల పని సగటుకు 5 దాటనివ్వదు. ఈ రంపాల్లో 20 ఉండేవీ ఉన్నాయి. ఆ లెక్కన ట్రిగ్గరు నొక్కి ఉంచిన సమయం అరగంటకు చేరేసరికే ఆ రోజు హద్దు అయిపోతుంది. ఏళ్ల తరబడి హద్దు మీరితే వేళ్లు తిమ్మిరెక్కి, చలికి తెల్లగా పాలిపోతాయి. నరాలు ఒకసారి దెబ్బతింటే మళ్లీ పూర్తిగా కోలుకోవడం కష్టం. రోజూ ఈ పనే చేసి బతికేవారు మిగతావన్నీ సమానంగా ఉన్న రెండు మిషన్లలో, వెయ్యి రెండు వేలు ఎక్కువైనా సరే, ఆ అంకె తక్కువున్నదే కొనాలి.