దారుల్‌షిఫా మీదుగా యూరప్

యూరప్ ప్రయాణం పెట్టుకున్నామని ఎవరైనా చెబితే, టికెట్లు తరవాత చూసుకోండి, ముందు సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్ళి రండి అంటాను. చూసిందే కదా అంటారు. నిజమే, చూసిందే. బడి పిల్లల వరసలో ఒకసారి, ఊళ్ళనుంచి చుట్టాలు దిగినప్పుడల్లా మరోసారి, పాతబస్తీలో పెరిగినవాళ్ళు ఆ మెట్లు ఎక్కుతూనే ఉంటారు. ఈసారి మాత్రం బొమ్మ ముందు నిలబడి వచ్చేయకుండా, అది ఏ ఊళ్ళో పుట్టింది, ఎవరి చేతిలో పుట్టింది అని అడిగి తెలుసుకోవాలి. ఆ ఊరి పేరూ ఆ మనిషి పేరూ ఒక కాగితం మీద రాసుకుని దారుల్‌షిఫా రోడ్డు మీదికి వస్తే, ఏ ట్రావెల్ ఏజెంటూ ఇవ్వలేని యూరప్ పటం మన జేబులో ఉంటుంది.

ఈమధ్య మా గౌలిపురా, శాలిబండ వైపు కూడా యూరప్ మాట తరచుగా వినబడుతోంది. పిల్లలు జర్మనీలో చదువుతున్నారు, ఐర్లండ్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్ళను చూడటానికి పెద్దవాళ్ళు వెళ్ళి వస్తున్నారు. మొదటిసారి అందరూ పోయే దారే: పారిస్, స్విస్ మంచుకొండలు, రోమ్. అవి చూడవలసినవే. రెండోసారికి మాత్రం "ఎవ్వరు పోని జాగ ఏదన్న జెప్పు" అంటారు. ఫోన్‌లో వెతికితే దొరికే పేర్లు కొన్ని ఉన్నాయి. అట్లాంటిక్ నడుమ ఫారో దీవులు, ఉత్తర ధ్రువానికి చేరువలో స్వాల్‌బార్డ్. అందమైన చోట్లే, కానీ వీసా సంగతి ముందే తెలుసుకోవాలి. ఫారో డెన్మార్క్ రాజ్యంలోదే అయినా, యూరప్ దేశాల ఉమ్మడి వీసా ప్రాంతమైన షెంగెన్‌లో లేదు. ఫారోకు కూడా చెల్లుతుందని వీసా మీద విడిగా రాయించుకుంటే తప్ప అడుగు పెట్టనివ్వరు. స్వాల్‌బార్డ్ అడగదు గానీ, అక్కడికి దారి నార్వే మీదుగా. షెంగెన్ దాటి వెళ్ళి మళ్ళీ షెంగెన్‌లోకే రావాలి కాబట్టి, రెండుసార్లు ప్రవేశానికి పనికొచ్చే వీసా కావాలి.

ఇవన్నీ సర్దుకునేవే. నా పట్టింపు మరోచోట ఉంది. దూరమన్న ఒక్క కారణంతో వెళ్ళిన ఊళ్ళో రెండో రోజు పొద్దున్నే ఏం చేయాలో తోచదు. కొండ చూశాం, సముద్రం చూశాం, ఫోటోలు దిగాం. అక్కడివాళ్ళతో మాట్లాడటానికి మన దగ్గర ఒక్క ప్రశ్నయినా ఉండదు. ఏదో ఒక పని పెట్టుకుని వెళ్ళిన ఊరైతే అలా కాదు. ఎవరినో వెతుకుతాం, దారి అడుగుతాం, వాళ్ళు మనల్ని తిరిగి అడుగుతారు. అలాంటి పని పాతబస్తీవాళ్ళకు యూరప్‌లో చాలా ఊళ్ళలో ఉంది.

ఈ సంగతి నాకు తట్టించింది మా పెద్దమ్మ. చుట్టాలను తీసుకుని మ్యూజియానికి వెళ్ళిన ప్రతిసారీ ఆమె ముసుగు రెబెక్కా శిల్పం దగ్గరే కూర్చుండిపోతుంది. పాలరాతిలో చెక్కిన ముసుగు వెనక ముఖం కనబడటం మనందరికీ వింతే. ఒకరోజు ఆమె, "గీ పిల్లను జెక్కినాయనది ఏ ఊరు బిడ్డా?" అంది. ఆ ప్రశ్న పట్టుకుని పోతే ఇటలీ ఉత్తరాన ఆల్ప్స్ కొండల దాపున ఒక పల్లె తేలింది.

శిల్పి పేరు జొవాన్ని మరియా బెంజోని. 1809లో బెర్గమో జిల్లా కొండల్లో సొంగవాట్సో అనే ఊళ్ళో పేదింట పుట్టాడు. ఈనాటికీ ఆ ఊరి జనాభా వెయ్యి దాటదు. ఇజేవో సరస్సు ఒడ్డున బంధువుల వడ్రంగి పనిలో కుదిరి, చెక్క మీద బొమ్మలు చెక్కుతుంటే, పక్కనే ఉన్న లోవెరె పట్టణపు కౌంట్ లుయిజి తదీని కంటపడ్డాడు. తదీనికి ఫౌస్తీనో అనే కొడుకు ఉండేవాడు. 1799లో కట్టడం కూలి మీదపడి చనిపోయాడు. ఆ తండ్రి తన ఆస్తిని కళల మీద పెట్టి, సరస్సు ఒడ్డున ఒక అకాడమీ కట్టించాడు. కొడుకు జ్ఞాపకంగా గొప్ప శిల్పి కనోవా చేసిన పాలరాతి ఫలకం ఇప్పటికీ అక్కడుంది. అదే మనిషి ఈ కొండపల్లె కుర్రాడిని రోమ్ పంపి చదివించాడు. రోమ్‌లో బెంజోని పెద్ద కార్ఖానా నడిపాడు. రెబెక్కాను ఒకటి కాదు, అడిగినవారికల్లా చేసి ఇచ్చాడు. అమెరికా మ్యూజియాల్లోనూ ఆమె తోబుట్టువులు ఉన్నారు.

మన రెబెక్కాను కొన్నది నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్. మ్యూజియంలోని సరుకులో చాలా భాగం ఆయన మనవడు మూడో సాలార్‌జంగ్ యూసుఫ్ అలీఖాన్ పోగుచేసినదే అయినా, ఈమె మాత్రం తాత తెచ్చినది. 1876లో ఆయన యూరప్ వెళ్ళాడు. సూయజ్ కాలువ తెరిచి అప్పటికి ఏడేళ్ళు. రోమ్‌లో ఈ బొమ్మ కొన్నాడు. పారిస్‌లో హోటల్ మెట్ల మీద జారి తొడ ఎముక విరగగొట్టుకుని, ఆ బాధతోనే ఇంగ్లండ్ చేరాడు. ఆక్స్‌ఫర్డ్‌వాళ్ళు గౌరవ డాక్టరేట్ ఇచ్చారు. బెంజోని 1873లోనే కన్నుమూశాడు కాబట్టి, చెక్కినవాడూ కొన్నవాడూ ఆ కొనుగోలు దగ్గర కలుసుకోలేదు. ఒకరి ఊరివాళ్ళు మరొకరి ఊరికి వెళ్ళి పలకరించడం ఇన్నేళ్ళ తరవాతైనా జరగాలని నా కోరిక.

సొంగవాట్సో చేరడం కష్టమేమీ కాదు. హైదరాబాద్ నుంచి గల్ఫ్ మీదుగానో ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానో మిలాన్, అక్కడినుంచి రైల్లో గంట ప్రయాణం బెర్గమో. వాల్ సెరియానా లోయలోకి పూర్వం రైలు ఉండేది, 1967లో ఆపేశారు. ఆ పట్టాల దారిలోనే 2009 నుంచి ఆల్బీనో దాకా ట్రాము నడుస్తోంది. ఆపైన బస్సే. క్లుజోనె అనే చిన్న పట్టణంలో దిగితే సొంగవాట్సో పక్కనే. బస్సుల పట్టిక చదవడంలోనే ఉంది అసలు మెలకువ. బడులు ఉన్న రోజులకు ఒక పట్టిక, లేని రోజులకు ఒకటి, ఆదివారానికి మరొకటి. ఆదివారం నాడు ఆ కొండల్లో బస్సు నమ్ముకుంటే సగం రోజు స్టాపులోనే గడుస్తుంది. ఆగస్టు పదిహేను అటూ ఇటూ దేశమంతా సెలవుల్లో ఉంటుంది కాబట్టి అప్పుడు వద్దు. చలికాలంలో చిన్న ఊళ్ళ మ్యూజియాలు మూసేయడమో, వారాంతాల్లో మాత్రమే తెరవడమో మామూలే. మే నెలాఖరు నుంచి జూలై మొదటి వారం దాకా మంచి అదను. రాత్రి తొమ్మిదింటికి కూడా వెలుగుంటుంది.

క్లుజోనెలో మకాం పెట్టాలని నా సలహా. సాలార్‌జంగ్ మ్యూజియంలో సంగీత గడియారం కొట్టేవేళకు కూడే జనంలో ఒకరైతే, ఇక్కడి గడియారం దగ్గర మీరు కదలరు. ఊరి భవనం గోడమీద 1583లో పియెత్రో ఫంజాగో అమర్చిన ఖగోళ గడియారం అది. గంటలతోపాటు నెల, రాశి, చంద్రుడి కళ, పగలు రాత్రుల నిడివి కూడా చూపిస్తుంది. మన సంగీత గడియారం వెంట పోదామంటే దారి కలకత్తాకు తిరుగుతుంది, దాన్ని అమర్చింది అక్కడి కుక్ అండ్ కెల్వీ కంపెనీ. అదే మ్యూజియంలో ఒకవైపు మెఫిస్టోఫిలిస్, వెనకవైపు మార్గరెట్టా ఉన్న చెక్కబొమ్మ వెంట పోదామంటే ఫ్రాన్స్ అన్న పేరు తప్ప చెక్కినవాడి పేరే దొరకదు.

తిండికి భయపడనక్కర్లేదు. పొలెంతా అని మక్కపిండితో చేస్తారు, తినగానే పెద్దమ్మ మక్కగట్క అని గుర్తుపట్టేస్తుంది. మాంసం తిననివాళ్ళకు దగ్గర్లోని పార్రె ఊరి స్కార్పినొక్ ఉంది. చీజ్ నింపి, చెప్పు ఆకారంలో ఒత్తి ఉడికిస్తారు. కజొన్సెల్లి అని అలాంటిదే మరొకటి వడ్డిస్తారు, దాంట్లో మాంసం ఉంటుంది, అడిగి తీసుకోవాలి. క్లుజోనె నుంచి బస్సులో లోవెరె దిగితే తదీని అకాడమీ, అందులో కనోవా ఫలకం, బెంజోని చేతిపనులు. అక్కడ పడవెక్కి సరస్సు దాటి పిజోన్యెలో రైలు పట్టుకుంటే బ్రెషా. పెద్దమ్మ మోకాళ్ళను లెక్కలోకి తీసుకుని చూసినా ఇందులో ఎక్కవలసిన కొండ ఒక్కటీ లేదు.

రెండో దారి మ్యూజియంలో కాదు, చార్మినార్‌కు పడమట లాడ్ బజార్‌లో మొదలవుతుంది. ఇక్కడి లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అది మన చేతిపని. అయితే వందేళ్ళ కిందట మన దేశపు బజార్లలో అమ్ముడైన గాజుగాజుల్లో ఎన్నో ఆస్ట్రియా సరుకు. అప్పట్లో ఆస్ట్రియా పాలనలో ఉండి ఇవాళ చెక్ దేశంలో ఉన్న యాబ్లోనెట్స్ ఊళ్ళోనూ చుట్టుపక్కల కొండపల్లెల్లోనూ ఇంటింటా కొలిమి పెట్టుకుని పూసలు, గాజులు చేసేవారు. ఆ ఊరి వర్తకులు ఏ దేశపు ఆడవాళ్ళకు ఏ రంగు నచ్చుతుందో తెలుసుకుని ఓడల్లో పంపేవారు. మన ముత్తవ్వల చేతికొలతలు ఆ కొండల్లో తెలుసన్నమాట. గాజుల కోసం, నగల కోసం కట్టిన మ్యూజియం యాబ్లోనెట్స్‌లో ఉంది. అక్కడినుంచి కొండల్లోకి రైలెక్కితే తన్వాల్ద్, ఆపైన 1902లో వేసిన పళ్ళపట్టాల దారి. పొనిక్లా అనే పల్లెలో ఊదిన గాజుపూసలతో క్రిస్మస్ అలంకారాలు చేస్తారు. ఆ విద్యను యునెస్కో 2020లో తన జాబితాలో చేర్చింది.

యుద్ధం ముగిశాక, 1945 తరవాత, యాబ్లోనెట్స్ గాజు పనివాళ్ళలో జర్మన్ మాట్లాడేవాళ్ళను దేశంనుంచి పంపేశారు. ఇల్లూ కొలిమీ వదిలి వెళ్ళినవాళ్ళు బవేరియాలో కౌఫ్‌బోయెరెన్ పక్కన, పాత మందుగుండు ఫ్యాక్టరీ శిథిలాల మీద కొత్త ఊరు కట్టుకుని పాత ఊరి పేరే పెట్టుకున్నారు. నోయ్‌గాబ్లోంట్స్, అంటే కొత్త యాబ్లోనెట్స్. మ్యూనిక్ నుంచి రైల్లో గంటా గంటన్నర. ఊరు విడిచి వచ్చినవాళ్ళు చేతిలో పనిని మాత్రం విడవకపోవడం నన్ను కదిలించే విషయం. ఆ ఊరు తప్పనిసరిగా దారిలో ఉండాలనుకున్నాను. పటం పరిచి చూస్తే నిజంగానే దారిలో ఉంది. బ్రెషా నుంచి వెరోనా, అక్కడ రైలెక్కి బ్రెన్నర్ కనుమ దాటితే మ్యూనిక్, ఒక పక్క నోయ్‌గాబ్లోంట్స్, మళ్ళీ రైల్లో ప్రాగ్, ప్రాగ్ నుంచి బస్సులో యాబ్లోనెట్స్.

ఇక కాగితాలు. మూడు దేశాలకూ షెంగెన్ వీసా ఒక్కటే చాలు. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి, రాత్రులు సమానమైతే మొదట దిగే దేశానికి. ఆరు నెలల ముందు నుంచీ తీసుకుంటారు, ప్రయాణానికి పదిహేను రోజుల లోపు వెళ్తే తీసుకోరు. పెద్దవాళ్ళకు ఫీజు 90 యూరోలు. 30,000 యూరోలకు తగ్గని వైద్యబీమా ఉండాలి. మారుమూల ఊళ్ళకు వెళ్ళేవాళ్ళకు చిక్కు వచ్చేది బస దగ్గర. పెద్ద హోటళ్ళు ఉండవు, ఇంట్లో రెండు గదులు అద్దెకిచ్చే కుటుంబాలు ఉంటాయి. వాళ్ళకు వాళ్ళ భాషలో నాలుగు ముక్కలు రాసి, ఎందుకు వస్తున్నామో చెప్పి, పేర్లూ తేదీలూ వేసి నిర్ధారణ కాగితం పంపమని అడగాలి. దరఖాస్తుతో ఇచ్చే ఉత్తరంలో కూడా రెబెక్కా సంగతి రాయండి. 'పర్యటన' అన్న ఒక్క మాటకంటే, ఈ ఊరి శిల్పి బొమ్మ మా ఊళ్ళో ఉంది, అతని ఊరు చూడబోతున్నాం అన్నది చదివేవారికి ప్రయాణాన్ని బాగా విప్పి చెబుతుంది.

రాత్రులు లెక్కేస్తే ఇటలీకే ఎక్కువ వచ్చాయి, సరస్సు దగ్గర ఇంకొక్కరోజు ఉందామని పెద్దమ్మ పట్టుబట్టడంతో. ఆమె పాస్‌పోర్టు వచ్చేసింది. లాడ్ బజార్‌కు వెళ్ళి లక్కగాజులు కూడా కొని పెట్టుకుంది. ఎవరికమ్మా అంటే, "గా చెక్ ఊరోళ్ళకు. ఆళ్ళు జేసినయి మనోళ్ళు ఏసుకున్నరు గద, మనయి ఆళ్ళు ఏసుకోవద్దా?" అంది. వాళ్ళ చేతికొలతలు తెలియవు కదా అన్నాను. 2-4, 2-6, 2-8 మూడు సైజులూ తీసుకుందట.