లౌంగ్ కాదు అమ్మీ, లాంగ్

మొన్న జుమా రోజు మగ్రిబ్ తర్వాత మా బేటీ లాంగ్ నోట్‌బుక్ ముందేసుకుని కూర్చుంది. తొమ్మిదో తరగతి. ఇంగ్లీష్ టీచర్ పది మాటలిచ్చిందట. అన్నిట్లోనూ ‘లాంగ్’ ఉంటుంది, ఒక్కోదానికి ఒక సొంత వాక్యం రాసుకు రావాలి. లాంగ్ టైమ్ నో సీ, బిఫోర్ లాంగ్, నో లాంగర్, ఇన్ ద లాంగ్ రన్... పిల్ల గట్టిగా చదువుతుంటే పలంగ్ మీద తస్బీ తిప్పుతున్న మా అమ్మీ వేళ్ళు ఆగాయి.

“క్యా లౌంగ్ లౌంగ్ బోల్‌రీ? బిర్యానీ కా సబఖ్ హై క్యా?”

“లౌంగ్ నై దాదీమా, లాంగ్. లంబా.”

“లంబా హై తో లంబాచ్ బోల్‌నా.”

అక్కడే వచ్చింది తంటా. నేను చదివిన ఉర్దూ మీడియం స్కూల్లో మా మాస్టర్‌సాబ్ కూడా సరిగ్గా అలాగే సరిపెట్టారు. లాంగ్ మానే లంబా, షార్ట్ మానే ఛోటా. సడక్ లంబీ, రస్సీ లంబీ, ఖతమ్. ఇంగ్లీషువాళ్ళు దారిని కొలిచిన కర్రతోనే కాలాన్ని కూడా కొలుస్తారని ఎవరూ చెప్పలేదు. మన ఉర్దూలో కాలానికి వేరే సామాను ఉంది: అర్సా, ముద్దత్, జమానా. ‘ముద్దత్ హోగయీ’ అంటే పొడుగూ పొట్టీ మాటే రాదు. పెద్దవాళ్ళు ‘ఉమ్ర్ దరాజ్ హో’ అని దువా ఇస్తారు, అందులో దరాజ్ అంటే పొడుగే. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక దీర్ఘాయుష్షులోనూ అదే పొడుగు కనిపించింది. కానీ ఆ రెండూ నోట్లో నలిగి నలిగి కొలతలా వినిపించడం మానేశాయి.

ఫర్లాంగులో ఉన్నది కూడా ఆ లాంగే. నాగలి ఆగకుండా దున్నే చాలు పొడవును బట్టి పుట్టిన కొలత, 220 గజాలు, మైలులో ఎనిమిదో వంతు. మా అబ్బా ‘మసీదు రెండు ఫర్లాంగులే’ అనే తరం మనిషి. ఆయనకి ఇంగ్లీషు రాదు, కానీ ఆ మాట ఇంగ్లీషని కూడా తెలీదు.

నేను పేపర్ డెస్కులో చేరిన కొత్తలో ఏజెన్సీ వార్త ఒకటి తర్జుమా చేశాను. ఏదో వంతెన ‘బిఫోర్ లాంగ్’ తెరుస్తారని ఉంది. బిఫోర్ అంటే పహ్లే, లాంగ్ అంటే లంబా. ‘వంతెన చాలాకాలం క్రితమే తెరిచారు’ అని రాసి పంపాను. చీఫ్ సబ్ కాగితం పట్టుకుని నా దగ్గరికే వచ్చాడు. “పిల్లర్లు ఇంకా లేవలేదు, నువ్వు బస్సులు నడిపించేశావా భాయ్?” అన్నాడు. డెస్కంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఆ రాత్రి నుంచి ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని ఇలాంటి మాటలన్నీ రాసుకోవడం మొదలుపెట్టాను. లాంగ్ పక్కన ఏ చిన్న మాట వచ్చి కూర్చుంటే అర్థం ఎటు తిరుగుతుందో. నో లాంగర్ అంటే పొట్టిదని కాదు, ఇక లేదని. యాజ్ లాంగ్ యాజ్ అంటే ఉన్నంతవరకు, ఒక్కోసారి షరతు కూడా.

ఆ నోట్‌బుక్‌లో నాకు ఇష్టమైన పేజీ లాంగ్ టైమ్ నో సీ. నిజానికి అది వ్యాకరణం లేని ఇంగ్లీషు. చైనా రేవుల్లో సరుకు బేరాల దగ్గర పుట్టిన కలగాపులగం ఇంగ్లీషు నుంచి వచ్చిందని కొందరు, అమెరికా మూలవాసుల మాటతీరు నుంచని కొందరు అంటారు. మా స్కూల్లో ఎవడైనా అలా రాసుంటే చేతిమీద బెత్తం పడేది. దానికి తెలుగులో ఏం రాయాలా అని చూస్తే మాట సిద్ధంగా ఉంది: నల్లపూసైపోయావు. ఉర్దూలో అంతకన్నా సిద్ధంగా ఉంది: ఈద్ కా చాంద్ హోగయే. ఒకళ్ళు పూస కోసం వెతుక్కుంటున్నారు, ఒకళ్ళు మిద్దెక్కి ఆకాశం చూస్తున్నారు. ఇంగ్లీషువాడు మాత్రం టైము కొలుచుకుంటున్నాడు. డాంకీస్ ఇయర్స్ అని ఇంకోటి ఉంది, గాడిద ఏళ్ళు. గాడిద చెవులు పొడుగు కదా, వాళ్ళ భాషలో చెవులకీ ఏళ్ళకీ ఉచ్చారణ దగ్గర, ఆ తమాషా. ఎంతకీ తెగని దానికి మా గుంటూరువాళ్ళు కొండవీటి చాంతాడు అంటారు. అమ్మీ షైతాన్ కీ ఆంత్ అంటుంది, ముఖ్యంగా నా ఫోన్ మాటల్ని.

పిల్ల తొమ్మిదో మాట దగ్గర ఆగింది. “అబ్బూ, ఇట్ వోంట్ బి లాంగ్. దీనికేం రాయను?”

నేను వెంటనే జవాబు చెప్పలేదు.

2011 జులై చివరి రోజులు. రంజాన్ ఇంకో వారంలోపే. మిర్చియార్డులో గుమాస్తాగిరీ చేసి చేసి అబ్బా ఊపిరితిత్తులు చెడిపోయాయి, ఒక ఆస్పత్రిలో ఐసీయూలో ఉన్నారు. డాక్టర్ మనవాడే, తెలుగువాడే. బయటికొచ్చి నా భుజం మీద చెయ్యేసి ‘ఇట్ వోంట్ బి లాంగ్ నౌ’ అన్నాడు. అంతే అని వెళ్ళిపోయాడు. బెంచీ మీద అమ్మీ లేచి నిలబడింది. “క్యా బోల్యా డాక్టర్?”

“జ్యాదా దిన్ నై లగ్తే అమ్మీ.”

తర్జుమాలో తప్పు పట్టడానికేం లేదు. అమ్మీ అదే బస్సులో ఇంటికెళ్ళింది. ముందుగది కడిగింది. గాలి వస్తుందని పలంగ్‌ని కిటికీ దగ్గరికి జరిపించింది. అబ్బా లుంగీలు ఉతికి మడతపెట్టింది. ఇఫ్తార్‌కి మసీదు గంజి ఎవరు తెచ్చిపెట్టాలో పక్కింటి పిల్లాడికి ముందే చెప్పి ఉంచింది, ఆయనకి ఆ గంజి అంటే ప్రాణం. “చాంద్ తక్ ఆజాతే” అని గల్లీలో నలుగురికీ చెప్పుకుంది. రంజాన్ చాంద్ కనపడటానికి రెండు రోజుల ముందు అబ్బా ఇంతెఖాల్ అయ్యారు.

అదే వాక్యం డెస్కులో కాగితం మీద వచ్చుంటే నేను తప్పు చేసేవాణ్ణి కాదు. చివర ఆ ‘నౌ’ ఎందుకుందో చూసేవాణ్ణి. ఆ రోజు నాకు అర్థంకాలేదా, అర్థమై కూడా అమ్మీ మొహం చూసి రెండో అర్థం వెనక దాక్కున్నానా? ఇన్నేళ్ళయినా నాకే తేలలేదు. డాక్టర్‌ని తప్పుపట్టను. తెలుగులో ‘నూకలు చెల్లాయి’ అనాలి, ఉర్దూలో ‘దానాపానీ ఉఠ్ గయా’ అనాలి. కొడుకు మొహం మీద ఎవరంటారు? ఇంగ్లీషులో అనేసి వెళ్ళొచ్చు. అమ్మీ ఇద్దత్ నాలుగు నెలల పది రోజులూ నేను దీని గురించే అడుగుతుందని భయపడుతూ తిరిగాను. అడగలేదు.

మొన్న పిల్ల ఎదురుగా మొదటిసారి చెప్పాను. డాక్టర్ ఏమన్నాడో, నేనేమన్నానో. చెబుతున్నంతసేపూ పలంగ్ వైపు చూడలేదు.

అమ్మీ తస్బీ పక్కన పెట్టింది. “హౌ, యాద్ హై. మై పలంగ్ ఖిడ్కీ కనే సర్కాయీ.” కాసేపు ఏమీ అనలేదు. “ఘర్ తో ఆయేచ్ నా. వహీచ్ పలంగ్ పో లిటాయే. కమ్రా సాఫ్ థా.”

అది నన్ను మాఫ్ చెయ్యడమో, జరిగింది చెప్పడమో తెలీదు. పిల్ల మాత్రం తలొంచుకుని ఏదో రాసేసుకుంది. తర్వాత చూస్తే, రంజాన్ వస్తోంది, ఇట్ వోంట్ బి లాంగ్ నౌ అని ఉంది. ఆ నౌ టీచర్ ఇవ్వలేదు.

పదోది సో లాంగ్. ఖుదా హాఫిజ్ లాంటిదని చెప్పాను. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరూ గట్టిగా తేల్చలేదు, మన సలామే సముద్రాలు తిరిగి అలా అయిందనేవాళ్ళు కూడా ఉన్నారని అన్నాను. పిల్లకి అది భలే నచ్చింది. పుస్తకం మూసి, బ్యాగ్‌లో పెట్టుకుని, గుమ్మం దగ్గర నిలబడి “సో లాంగ్ దాదీమా” అంది.

అమ్మీ అప్పటికే దుప్పటి కప్పుకుంది. “వాలేకుమ్ సలామ్. లైట్ బంద్ కర్.”