ఉయ్యాల బల్ల మళ్లీ వస్తోంది

ఇకమీదట ఇళ్లలో పేము కుర్చీలు, ఆత్తంగుడి నేల పలకలు, ఉయ్యాల బల్లలేనట. నాకు మహా సంతోషం. కానీ చెన్నైలో మైలాపూరు మాడవీధుల చుట్టూ ఇవన్నీ ఉన్న పాత ఇళ్లు ఒక్కొక్కటే కూలి అపార్ట్‌మెంట్లు అవుతుంటే కడుపు తరుక్కుపోతోంది.

ఆత్తంగుడి పలకను బట్టీలో కాల్చరు. గాజు మీద రంగు సిమెంటు పోసి, పైన ఇసుక, సిమెంటు నింపి, నీళ్లలో నానబెట్టి ఆరబెడతారు. ఆ నునుపు గాజుదే. తుడిచేకొద్దీ మెరుపెక్కుతుంది.

కొత్త ఫర్నిచర్ కొనేముందు, కూల్చే ఇళ్ల టేకు తలుపులు, స్తంభాలు ఎక్కడ అమ్ముతున్నారో కనుక్కోండి. పాత ఇళ్ల తీరు చూడాలంటే చెన్నై దగ్గర ముట్టుకాడులో దక్షిణచిత్ర మ్యూజియం ఉంది. ఉయ్యాల బల్ల కావాలంటే మాత్రం స్లాబు పోసేటప్పుడే కొక్కేలు వేయించుకోండి. తర్వాత డ్రిల్ చేసి బిగించినవాటిని నేను నమ్మను.