కిడ్నీ ముక్కలో కాపు కాసిన కణాలు

లూపస్ నెఫ్రైటిస్‌లో శరీరాన్ని కాపాడాల్సిన రోగనిరోధక కణాలే కిడ్నీలోకి చేరి దాన్ని దెబ్బతీస్తాయి. ఏ కణాలు చేరాయో, ఎక్కడ చేరాయో చెప్పగలిగేది బయాప్సీ. కిడ్నీ పాథాలజీ ల్యాబ్‌లో ఒక ముక్క వెంట బల్ల నుంచి బల్లకు నడిస్తే ఆ పని ఎలా సాగుతుందో తెలుస్తుంది.

అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూదితో తీసిన ముక్క దారప్పోగులా ఉంటుంది. దాన్నే మూడు పరీక్షలకు పంచాలి. ఫార్మలిన్‌లో వేసిన భాగాన్ని పారఫిన్‌లో బిగించి, రెండు మూడు మైక్రాన్ల పొరలుగా కోస్తారు. పొర మందమైతే కణాలు ఒకదాని మీద ఒకటి పడి లెక్క తప్పుతుంది; అందుకే ఇక్కడ టెక్నీషియన్ చేతి నేర్పు ముఖ్యం. రెండో భాగాన్ని చీకటి గదిలో ఇమ్యునోఫ్లోరసెన్స్‌తో చూస్తారు. ఐజీజీ, ఐజీఏ, ఐజీఎం, సీ3, సీ1క్యూ అయిదూ పచ్చగా వెలిగితే దాన్ని 'ఫుల్ హౌస్' అంటారు. లూపస్‌కు అది బలమైన ఆనవాలు. మూడో భాగం ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు వెళ్తుంది.

రిపోర్టులో ముందు కనిపించేది తరగతి. 2003 నాటి వర్గీకరణ ప్రకారం, రక్తం వడకట్టే గ్లోమెరులస్‌లను చూసి ఒకటి నుంచి ఆరు వరకు తరగతి నిర్ణయిస్తారు. దానికి తోడు వాపు తీవ్రతకు 24, మానని మచ్చలకు 12 పాయింట్ల కొలతలున్నాయి. ఆ 24లో గ్లోమెరులస్‌ల వెలుపలి వాపుకు దక్కేది మూడే. ఇది తక్కువే అనిపిస్తుంది. ఎందుకంటే నేను చూసిన స్లైడులో గ్లోమెరులస్‌ల కన్నా నాళికల మధ్య ఖాళీల్లోనే కణాలు గుంపులు కట్టి ఉన్నాయి. ఆ చోటి వాపు ఎక్కువగా ఉన్నవారికి కిడ్నీ దెబ్బతినే ముప్పు ఎక్కువని అధ్యయనాలు చెబుతున్నాయి.

మామూలు రంగుల్లో ఆ కణాలు చాలావరకు ఒకేలా కనిపిస్తాయి. ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ వాటిని విడదీస్తుంది: సీడీ3తో టి కణాలు, సీడీ20తో బి కణాలు, సీడీ68తో మాక్రోఫేజ్‌లు గోధుమ రంగులో బయటపడతాయి. 2019లో అమెరికా పరిశోధకులు 24 మంది రోగుల కిడ్నీ ముక్కల్లోని కణాలను ఒక్కొక్కటిగా చదివి, 21 రకాల రోగనిరోధక కణ సమూహాలను గుర్తించారు. అదే ఏడాది వెలువడిన మరో అధ్యయనంలో, చికిత్సకు స్పందించనివారి నాళికా కణాల్లో ఇంటర్‌ఫెరాన్ ప్రభావం, మచ్చకట్టే లక్షణాలు ఎక్కువగా కనిపించాయి.

మందుల కథ కూడా ఈ కణాల దగ్గరికే వస్తుంది. బి కణాలను తొలగించే రిటుక్సిమాబ్ 2012లో ప్రచురితమైన పెద్ద పరీక్షలో ఆశించిన ఫలితం చూపలేదు. అదే లక్ష్యంతో, మరింత బలంగా పనిచేసే ఒబినుటుజుమాబ్‌ను మామూలు చికిత్సకు జోడిస్తే, 76 వారాలకు 46.4 శాతం మందిలో పూర్తి స్పందన కనిపించింది. అది జోడించని వారిలో 33.1 శాతమే. రక్తంలో బి కణాలు మాయమైనంత మాత్రాన కిడ్నీలో దాక్కున్నవి పోవు. రిటుక్సిమాబ్ ఆశించినట్టు పనిచేయకపోవడానికి అదొక కారణం కావచ్చని నిపుణుల అంచనా.

మూత్రంలో ప్రొటీన్ తగ్గినా మళ్లీ బయాప్సీ చేస్తే, కొందరి కిడ్నీలో వాపు ఇంకా కనిపిస్తుంది. అందుకే మూత్ర పరీక్ష రిపోర్టు బాగుందని రోగులు మందులు సొంతంగా ఆపకూడదు. ఎప్పుడు తగ్గించాలో, మళ్లీ బయాప్సీ అవసరమో కాదో నెఫ్రాలజిస్టును అడిగి తెలుసుకోవాలి.